తొక్కే పాదం

గాలిలో పిల్ల కాళ్లు ఎంత తెరుచుకున్నాయో అదొక్కటే చూశాను నేను. అంతకు ముందు పాదం బ్యాలెన్స్ బీమ్‌ను ఎలా తొక్కిందో చూడలేదు. ఆ తర్వాత ఎక్కడ దిగిందో చూడలేదు. నడుమనున్న రెప్పపాటును పట్టుకుని అదే విద్య అనుకున్నాను. నమ్మి నా దగ్గరికొచ్చిన ఆడపిల్లలకు అదే నేర్పాను. వాళ్లలో ఒకమ్మాయికి నా చేతులారా నొప్పి తెచ్చిపెట్టాను. దీని గురించి నన్నెవరూ నిలదీయలేదు. ఊళ్లో చాలామందికి తెలియను కూడా తెలియదు. అందుకే నాకు నేనైనా చెప్పుకోవాలి, మొదటి నుంచి, ఏదీ దాచుకోకుండా.

నేను తిమ్మాజిపేట మండలంలో పీఈటీని. ఖోఖో ఆడి పెరిగినదాన్ని. బీపీఈడీ చదివేటప్పుడు జిమ్నాస్టిక్స్ పేరుతో మాకు నేర్పింది ముందుకు దొర్లడం, వెనక్కి దొర్లడం, చేతుల మీద నిలబడటం, జనవరి 26కు పిరమిడ్లు కట్టించడం. బ్యాలెన్స్ బీమ్‌ను దూరం నుంచి చూడటమే తప్ప దానిమీద కాలు పెట్టలేదు. తెలియకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. మా వైపు పీఈటీలలో ఎక్కువమందికి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందేలతోనే ఏడాది గడిచిపోతుంది. తెలియనిదాన్ని అడిగి తెలుసుకోకుండా, తెలిసినంత ధీమాగా పిల్లల ఒంటిమీద ప్రయోగించడం తప్పు. నేను చేసింది అదే.

దానికి మొదలు ఒక ఫోటో. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి వాల్ట్‌లో 13.649 స్కోరుతో కాంస్యం గెలిచింది. ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారతీయ జిమ్నాస్ట్ ఆమే. పేపర్లో వచ్చిన ఆమె ఫోటో కత్తిరించి స్టాఫ్ రూములో బీరువా తలుపుకు అంటించాను. చిన్నప్పుడు కరాటే నేర్చుకునే రోజుల్లో ఆమె ఒళ్లు బాగా వంగుతోందని గమనించి జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించారనీ, లాల్ బహదూర్ స్టేడియంలో సాధన చేసిందనీ చదివాను. ఒళ్లు వంగడం అన్న ముక్క నా తలలో నాటుకుపోయింది. ఏళ్ల తరబడి ఆమె చేసిన పరుగు, స్ప్రింగ్ బోర్డును రెండు పాదాలతో కొట్టి లేచే బలం, దిగినప్పుడు మోకాళ్లు ఆ బరువును కాచుకునే తీరు, ఇవేవీ ఫోటోకు దొరికేవి కావు. దొరకనివాటి గురించి నేను ఆలోచించలేదు.

అప్పటికి ఏడాదిన్నర ముందు, 2016 రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ వాల్ట్‌లో 15.066తో నాలుగో స్థానంలో నిలిచింది. అగర్తలాలో తొలిరోజుల్లో సరైన పరికరాలు లేక, పాత స్కూటర్ భాగాలతో చేసిన పలక మీద ఆమె సాధన చేసిందని ఒక వ్యాసంలో చదివి కదిలిపోయాను. మనమూ చేసుకోవచ్చు కదా అనిపించింది. ఆ పిల్లవి చదును పాదాలనీ, వాటికి వంపు తేవడానికి కోచ్ బిశ్వేశ్వర్ నంది చాలా శ్రమపడ్డారనీ అదే వ్యాసంలో ఉంది. దాన్ని దాటేసి స్కూటర్ భాగాల దగ్గరే ఆగిపోయాను. పరికరం ఉంటే చాలు, ఆట దానంతటదే వస్తుందనుకునే మనిషికి ఆ వ్యాసంలో కావలసింది అంతే కనపడింది. పాదాల గురించి రాసింది ఆ రోజే మనసుపెట్టి చదివుంటే ఇదంతా రాయాల్సిన పనే ఉండేది కాదేమో.

ఊళ్లో ఒక పాత మట్టి మిద్దె కూలగొడుతుంటే అందులోంచి మంచి టేకు దూలం దొరికింది. వడ్లాయన దాన్ని బీమ్ కోసం నాలుగంగుళాల వెడల్పుకు చిత్రిక పట్టిచ్చాడు. అసలు బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు అంతే. పొడవు 5 మీటర్లుండాలి, మా దూలం అంత లేదు. నేల నుంచి ఎత్తు 125 సెంటీమీటర్లు. కింద వరిగడ్డి కుక్కిన గోనె సంచులు పరిచి పైన జంపఖానా వేశాం. గడ్డి సంచుల మీద పాదం ఒక పక్క దిగబడి చీలమండ మెలిపడుతుందని అప్పుడు తట్టలేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు బీమ్ విడి పోటీగా మొదలైంది 1952 హెల్సింకిలో. ఆ రోజుల్లో బీమ్ ఉత్త కర్రే. మెత్తటి తోలు తొడుగులు, లోపల కాస్త కదిలే ఏర్పాటు తర్వాత వచ్చాయి. మాది కూడా కర్రే కదా అని సంతోషపడ్డాను. ఆ కర్ర బీమ్‌ల కాలంలో ఇప్పుడున్నంత ఎగురుళ్లు లేవన్నది ఆలోచించలేదు.

పిల్లలు ఆవంచ, గొరిట వైపు నుంచి కూడా వచ్చేవాళ్లు. పత్తి ఏరే రోజుల్లో సగం మంది ఉండరు. మిగతా రోజుల్లో సాయంత్రం బెల్లు కొట్టగానే దూలం దగ్గర చేరతారు. పొలం ఒడ్ల మీద నెత్తిన గడ్డి మోపుతో నడిచే పిల్లలు వాళ్లు. బీమ్ మీద నడవడం వాళ్లకు చెప్పాల్సిన పనే లేకపోయింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు. అదెంత పెద్ద ఆస్తో నాకు అర్థం కాలేదు. వాళ్ల పాదాలకు ముందే తెలిసినదాన్ని ఆసరా చేసుకుని అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా ఎగరడానికి తీసుకెళ్లాల్సింది. నడక వచ్చేసింది కదా, ఇక లీప్ చేయిద్దామని తొందరపడ్డాను.

లీప్ అంటే ఒక కాలితో తొక్కి లేచి, గాలిలో ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి, ముందు చాచిన కాలిమీద దిగడం. గాలిలో రెండు కాళ్ల మధ్య 180 డిగ్రీలు రావాలి. ఆడపిల్లల బీమ్ పోటీలో అలా 180 డిగ్రీలు తెరుచుకునే లీపో జంపో ఉన్న జంట ఒకటి తప్పనిసరి. ఆ 180 అన్న అంకె దొరికాక నాకు ఇంకేమీ కనపడలేదు. ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద జిమ్నాస్టుల ఫోటోలు తీసి, నా ఫోన్‌లో మా పిల్లల ఫోటోలు పక్కన పెట్టి చూపించేదాన్ని. "చూడండి, వాళ్ల కాళ్లు గీత గీసినట్టున్నాయి. మీవి ఎక్కడున్నాయి?" అని అడిగేదాన్ని. పిల్లలు తలలు దించుకునేవాళ్లు. ఆ తలలు దించుకోవడాన్ని పట్టుదల అనుకున్నాను.

నేల మీద స్ప్లిట్ సరిగా వస్తే గాలిలోనూ వస్తుందని నా లెక్క. దానికి రోజూ గంటలో సగం స్ప్లిట్‌లో కూర్చోబెట్టేదాన్ని. నేలకు ఆనుకున్న పిల్లలకు ముందు పాదం కింద ఒక ఇటుక పెట్టాను. తర్వాత వెనక మోకాలు కింద ఇంకొకటి. కాళ్లు 180 దాటి సాగితే ఎగిరినప్పుడు 180 సులువుగా వస్తుందన్నది ఎక్కడో చూసిన ముక్క. భుజాల మీద చేతులు పెట్టి నేనే కిందికి నొక్కేదాన్ని. ఏడుపు వస్తే, "నొప్పి వస్తోందంటే పని చేస్తోందన్నమాట" అనేదాన్ని. ఈ వాక్యం ఎంతమంది పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో గుర్తు చేసుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కొన్ని నెలలకు నేల మీద స్ప్లిట్లు చక్కగా వచ్చాయి. బీమ్ మీద లీపులు మాత్రం అంతే ఉన్నాయి, పైగా పడటం ఎక్కువైంది. ముందెప్పుడూ పడని పిల్లలు కూడా పడుతున్నారు. ఎక్కువగా ఎడమ పక్కకో కుడి పక్కకో, దిగిన వెంటనే. నాకు కోపం వచ్చేది. "భయం పెట్టుకుంటే పడతారు" అని అరిచేదాన్ని. అసలు వాళ్లు పడటం మొదలుపెట్టాకే భయపడ్డారు. ఆ వరసను నేను తలకిందులు చేశాను. భయపడే పిల్లను మళ్లీ మళ్లీ ఎక్కించాను, అంతే ఎత్తు దూలం మీదికి, అదే గడ్డి సంచుల పైన.

వాళ్లలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉంది. అందరికన్నా బాగా వంగేది, అందరికన్నా తక్కువ మాట్లాడేది. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు తీసుకెళితే ఈ పిల్లనే తీసుకెళ్లాలని అనుకునేదాన్ని. అందుకే ఇటుకలు ఆమెకే ఎక్కువ. ఒకరోజు ప్రార్థన అయ్యాక వాళ్లమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఉంది. కూలికి పోయే వేళ, అయినా వచ్చింది.

"మేడం, పిల్ల కింద కూసుంటలేదు. తినేటప్పుడు గూడ ఒక పక్కకు ఒరిగి కూసుంటది. అడిగితే ఏం లేదంటది. బడిల ఏమన్న అయిందా?"

"ఏం కాలేదక్కా, కొంచెం కండరం పట్టుకుని ఉంటుంది" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకే నమ్మకం లేదు. పిల్లను పిలిచి, ఎక్కడమ్మా నొప్పి అని అడిగాను. తొడ వెనక, కూర్చుంటే నేలకు తగిలే ఎముక దగ్గర చెయ్యి పెట్టింది. ఎప్పటినుంచి అంటే చాలా రోజుల నుంచి అంది. మరి చెప్పలేదేం అన్నాను.

"నొప్పి అయితె పని చేస్తున్నట్టే అన్నరు కద మేడం."

మహబూబ్‌నగర్ తీసుకెళ్లాం. డాక్టరు ఓపిగ్గా బొమ్మ గీసి చెప్పారు. తొడ వెనక కండరాలు దాదాపు అన్నీ పైన పిరుదు కింది ఎముకకు అతుక్కుంటాయి. పెద్దవాళ్లలో ఆ అతుకు గట్టిపడిపోయి ఉంటుంది. ఎదిగే పిల్లల్లో ఆ చోట ఇంకా మృదులాస్థి ఉంటుంది, కండరం కన్నా అదే బలహీనం. పెద్దవాళ్లను బలవంతంగా లాగితే కండరం చిరుగుతుంది. ఈ వయసు పిల్లలను లాగితే అతుకు దగ్గరే దెబ్బతింటుంది, ఒక్కోసారి చిన్న ఎముక ముక్క ఊడి వస్తుంది. ఈ పిల్లకు అంతదాకా రాలేదు, వాపు దగ్గర ఆగింది. నెలల తరబడి విశ్రాంతి, సాగదీయడాలు పూర్తిగా బంద్ అన్నారు. బయటికొచ్చాక వాళ్లమ్మకు నేనే చెప్పాను, ఇది నా వల్ల జరిగిందని, ఇటుకలు పెట్టింది నేనేనని. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. బస్సులో కూర్చున్నాక, "మీకు తెల్వదేమో మేడం" అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత చేయాల్సిన పని ఎప్పుడో చేసుండాల్సింది. హైదరాబాద్ వెళ్లి, చాలా ఏళ్లుగా పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పే ఒక పెద్దావిడను కలిశాను. ఫోన్‌లో మా పిల్లల ఫోటోలు చూపించబోతే ఆమె చూడలేదు. "ఫోటోలు వద్దమ్మా. వీడియో ఉందా? మెల్లగా తిప్పు. పిల్ల లేవకముందు ఆపు" అంది.

ఆపి చూశాను. ఆమె చూపించేదాకా నాకు కనపడనివి వరసగా కనపడ్డాయి. తొక్కే కాలి మోకాలు ఇంకా వంగి ఉండగానే పిల్ల లేచిపోతోంది. మడమ దూలం వదిలింది కాని మునివేళ్ల దాకా తోపు రాలేదు. అంటే కాలిలో ఉన్న బలంలో సగం దూలంలోకి పోనేలేదు. చేతులు ఆలస్యంగా లేస్తున్నాయి. ఛాతీ ముందుకు పడిపోతోంది. "ఈ పిల్ల ఎగరట్లేదు, పెద్ద అడుగు వేస్తోంది" అంది ఆమె. తర్వాత తుంటిని చూడమంది. వెనక కాలు పైకి రావాలంటే తుంటి ఎముకలు రెండూ ముందుకే చూస్తూ ఉండగా రావాలి. అది కష్టం. తుంటి పక్కకు తెరుచుకుంటే వెనక కాలు సులువుగా పైకి వచ్చేస్తుంది. ఫోటోలో 180 కనపడుతుంది. కాని తలుపు తెరుచుకున్నట్టు నడుము పక్కకు తిరిగిపోయాక, దిగే పాదం కూడా దానితోపాటు తిరుగుతుంది. పాదం దూలానికి అడ్డంగా దిగుతుంది. 10 సెంటీమీటర్ల మీద అలా దిగిన పిల్ల పక్కకు పడక ఏం చేస్తుంది?

అప్పుడు నాకు మొత్తం కథ అర్థమైంది. కాళ్లు ఇంకా తెరవమని నేనన్నాను. అంత తెరవడానికి కావలసిన ఎత్తు వాళ్ల తోపులో లేదు. నా మాట వినే మంచి పిల్లలు కనుక, ఎలాగోలా నేనడిగిన ఆకారం తెచ్చివ్వడానికి తుంటి తిప్పారు. తుంటి తిప్పారు కనుక పడ్డారు. పడ్డందుకు నేను తిట్టాను. వాళ్లు చేసిన తప్పు ఇందులో ఒక్కటీ లేదు.

ఆవిడ ఇంకొకటి చేయించింది. అక్కడున్న ఒక చిన్నపిల్లను గోడ పక్కన నిలబెట్టి, ఒక కాలు చేత్తో పట్టుకుని పైకెత్తమంది. చెవి దాకా వచ్చింది. చెయ్యి వదలమంది. కాలు కొంచెం దిగి ఆగింది. "ఆగిన చోటే గాలిలో నీకు పనికొచ్చేది. నేల మీద బరువుతో, ఇటుకతో వచ్చేది వేరు" అంది. ఊరికి తిరిగొచ్చి మా బడి పిల్లలతో అదే చేయించాను. చెయ్యి వదలగానే కాళ్లు నడుము దాకా పడిపోయాయి. నేల మీద 180 దాటినవాళ్లవి కూడా. తొడ ముందున్న కండరాలకు, పొట్టకు, పిరుదులకు ఆ కాలును సొంతంగా మోసే బలం నేను ఇవ్వనే లేదు. సాగదీశాను, అంతే.

మా ఫిజికల్ సైన్స్ సార్‌ను లెక్క అడిగాను. ఆయన నల్లబల్ల మీద వేసి చూపించారు. లేచిన మనిషి శరీరం 10 సెంటీమీటర్లు పైకి పోతే గాలిలో ఉండేది దాదాపు 0.29 సెకను. 20 సెంటీమీటర్లయితే 0.40. 30 అయితే 0.49. ఇంత తక్కువ సమయంలో పిల్ల రెండు కాళ్లూ పూర్తిగా తెరవాలి, ఆ ఆకారం కనపడాలి, మళ్లీ ముందు కాలు దిగడానికి సిద్ధం కావాలి. ఆ బల్ల ముందు నిలబడి, అరగంట సేపు ఇటుకల మీద కూర్చోబెట్టిన సాయంత్రాలు తలచుకున్నాను. అర సెకను కూడా లేని పనికి అరగంట నొప్పి నేర్పాను. పిల్లకు కావలసిన సమయం తొక్కే పాదం నుంచి వస్తుంది. ఇంకెక్కడి నుంచీ రాదు.

మార్కుల నియమాలు కూడా అప్పుడే కుదురుగా చదివాను. ముందు నేను చదివింది 180 దాకానే. లీప్‌లో కాళ్లు 20 డిగ్రీల దాకా తక్కువ తెరుచుకుంటే కోత 0.1. 20 నుంచి 45 దాకా తగ్గితే 0.3. బీమ్ మీది నుంచి పడితే కోత 1.0. మామూలు స్ప్లిట్ లీప్ అన్నిటికన్నా తేలిక వర్గంలోది, దాని విలువే 0.1. పోటీ లెక్కల్లో చూసినా పదో వంతు కోసం పూర్తి మార్కును పోగొట్టే దారిలో పిల్లలను నడిపించాను. 2024 పారిస్‌లో బీమ్ ఫైనల్ పని మానుకుని మరీ చూశాను. సిమోన్ బైల్స్ పడింది. సునిసా లీ పడింది. ఇటలీ అమ్మాయి అలీస్ డమాటో బీమ్ మీద నిలిచి 14.366తో స్వర్ణం తీసుకుంది. ప్రపంచంలో అందరికన్నా పైకి లేచే పిల్లలకే ఆ కర్ర మీద అంత కష్టంగా ఉంటే, గడ్డి సంచుల మీద మా పిల్లలను "భయమెందుకు" అని అడిగినదాన్ని నేను.

నా చిన్నప్పుడు దొమ్మరివాళ్లు మా ఊరికి వచ్చేవాళ్లు. గడలు పాతి, తాడు కట్టి, డప్పు మోగుతుంటే నా ఈడు పిల్ల ఒకతి ఆ తాడు మీద నడిచేది. ఆ పిల్ల పాదాల వైపు ఒక్కసారి కూడా చూసుకునేది కాదు. చూపు ఎదుటి గడ మీదే. కింద వాళ్ల నాన్న చేతులు చాచి, ఆమెతోపాటే నడిచేవాడు. ఎన్నిసార్లు చూసుంటాను ఆ ఆట. బీమ్ మీద మా పిల్లలు కిందికి చూసుకుంటూ ఎగురుతున్నారని, చూపు దూలం చివర ఉంచితే తల, వీపు నిటారుగా ఉంటాయని హైదరాబాద్ వెళ్లి తెలుసుకోవాల్సి వచ్చింది. కింద నడిచే ఆ తండ్రి చేతులు కూడా నాకు ఇప్పుడే కనపడుతున్నాయి. నేను ఎప్పుడూ ఫోన్ పట్టుకుని పక్కన దూరంగా నిలబడేదాన్ని, ఫోటో కోసం.

ఇప్పుడు ఇటుకలు లేవు. కొంతకాలం లీప్ అన్న మాటే ఎత్తలేదు. ముందు నేల మీద సుద్దముక్కతో గీత. ఆ గీత మీద రెండు కాళ్లతో నిటారుగా పైకి ఎగరడం, పాదం ముందు భాగంతో దిగి మడమ ఆనించడం, మోకాలు కొంచెం వదలడం, దిగాక కదలకుండా నిలబడటం. ఇందులో చూడ్డానికి ఏమీ లేదు. పిల్లలకు మొదట్లో విసుగొచ్చింది, నాకూ వచ్చింది. కాని దిగడం నమ్మకంగా వచ్చాక ఎగరడానికి వాళ్లను నేను పిలవాల్సిన అవసరం లేకపోయింది, వాళ్లే అడిగారు. తర్వాత మునివేళ్ల మీద లేవడాలు, ఒంటికాలి గెంతులు, గోడ పట్టుకుని కాలు ముందుకూ వెనక్కీ ఎత్తి ఆపడం. వెనక కాలు ఎత్తేటప్పుడు తుంటి తిరుగుతోందా అని ఇద్దరిద్దరు పిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు. నడుము మీద చెయ్యి పెట్టి, "తిరుగుతుంది, కిందికి దించు" అని చెప్తారు. కాలు తక్కువ ఎత్తులో ఉన్నా ఫరవాలేదు, తుంటి నేరుగా ఉండాలి. ఎత్తు తర్వాత వస్తుంది.

స్ప్లిట్లు మానేయలేదు. ఒళ్లు బాగా వేడెక్కాక, కొద్దిసేపే, పిల్ల తనంతట తాను దిగినంత వరకే. ఎవరి భుజం మీదా ఎవరి చెయ్యీ పడదు. సాగినట్టు అనిపించడం వేరు, గుచ్చినట్టు అనిపించడం వేరు అని ముందే చెప్తాను. పిరుదు ఎముక దగ్గర, మోకాలు వెనక, గజ్జల్లో గుచ్చితే ఆ రోజుకు ఆపేయాలి, నాకు చెప్పాలి. చెప్పిన పిల్లను అందరి ముందూ మెచ్చుకుంటాను. పిల్లలు నొప్పి దాచుకోవడం నా దగ్గరే నేర్చుకున్నారు, దాన్ని మాన్పించడానికి నేర్పినంత కాలం కన్నా ఎక్కువే పడుతోంది.

గీత తర్వాత నేల మీద పరిచిన పలక. ఆ తర్వాత మోకాలెత్తు దూలం, కింద జడ్చర్ల నుంచి తెచ్చిన ఫోం పరుపులు. గడ్డి సంచులు గొడ్లకు పోయాయి. మోకాలెత్తు మీద పిల్ల చూపు చివరన నిలిపి, పాదం నేరుగా దించి, కదలకుండా వరసగా చేయగలిగితేనే పైది. వీడియో ఇప్పుడూ తీస్తాను. చూపించేటప్పుడు రెండు చోట్ల ఆపుతాను. తొక్కే కాలి మోకాలు నిటారైన క్షణం ఒకటి, దిగిన పాదం దూలం వెంట ఉందా లేదా తెలిసే క్షణం ఒకటి. నడుమ కాళ్లు ఎంత తెరుచుకున్నాయో పిల్లలే చూసుకుంటారు. వాళ్లకు ఆ ముచ్చట ఉండాలి, తీసేయను. ఒక పిల్లవి ఇంకా 140 దగ్గరే ఉన్నాయేమో, అయినా గాలిలో తేలికగా ఉంటుంది, దిగితే చప్పుడు రాదు. ఇదివరకైతే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టేదాన్ని.

ఒక పీఈటీ మిత్రుడు తన బళ్లో స్ప్లిట్లకు ఇటుకలు వాడుతున్నానని సంబరంగా ఫోటోలు పంపించాడు. వెంటనే ఫోన్ చేశాను. డాక్టరు గీసిన బొమ్మ సంగతి, తొడ వెనక అతుకు సంగతి, నా దగ్గర జరిగింది మొత్తం చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు, పెద్ద పెద్ద అకాడమీల్లో చేస్తారన్నాడు. వాళ్ల దగ్గర పక్కన ఫిజియో ఉంటాడు, పిల్ల కాలు సొంతంగా మోయగలదని చూశాకే ఆ పని చేస్తారు, మన దగ్గర ఇవేవీ లేవు అన్నాను. మర్నాడు చెయ్యి వదిలే పరీక్ష చేయించి చూశాడు. పిల్లల కాళ్లు నడుము దాకా పడిపోయాయని ఆయనే చెప్పాడు. ఇటుకలు తీసేశాడు.

నొప్పి పడ్డ ఆ అమ్మాయి ఇప్పుడు జడ్చర్లలో చదువుకుంటోంది. పూర్తిగా తగ్గింది, పరుగెత్తగలదు, నేల మీద కూర్చోగలదు. బీమ్ వైపు మాత్రం రాలేదు. రమ్మని నేను అడగలేదు, అడగడం న్యాయం కాదు. తగ్గాక ఒకసారి బడికొచ్చినప్పుడు, తప్పు నాదని, నిన్ను భుజాలు పట్టి నొక్కడం తప్పని, నొప్పి గురించి నీకు చెప్పింది అబద్ధమని, ఇప్పుడు రాసినంత వివరంగా చెప్పాను. తల ఊపింది. ఇంకేమీ అనలేదు. అనాల్సిన బాధ్యత కూడా ఆ పిల్లకు లేదు.

వాళ్ల చెల్లెలు ఆరో తరగతిలో చేరినప్పుడు సాయంత్రం సాధనకు వస్తానంది. నేను వెంటనే ఒప్పుకోలేదు. వాళ్లమ్మను పిలిపించి, ఏం చేయిస్తానో, ఏం చేయించనో ముందుగా చెప్పాను, పిల్లకు ఏ నొప్పి వచ్చినా నేరుగా నాకు ఫోన్ చేయమన్నాను. ఆమె దూలాన్ని ఒకసారి చేత్తో తడిమి చూసింది, ఫోం పరుపులు నొక్కి చూసింది. "ఈమె అక్క లెక్క కాదు మేడం, ఊకోదు, నొప్పి అయితె ఊరంత ఇనపడేటట్టు అరుస్తది" అంది. అరవనీ అక్కా, అదే కావాలి నాకు అన్నాను. ఆ పిల్ల ఎడమ కాలి తోపు కుడి కాలంత బలంగా లేదు, ఈ నెలంతా సుద్ద గీత మీద ఎడమ కాలితోనే ఎక్కువ గెంతులు పెట్టిస్తున్నాను.